అరువు చెవి

చెవులక్క కుడిచెవి మూడేళ్ళలో రెండువందల పన్నెండు సార్లు పుట్టింది. పుట్టిన ప్రతిసారీ నిక్షేపంగా పుట్టింది. ప్రతిసారీ ఒక కార్డు మీద పచ్చముద్ర పడింది, ఆ కార్డును ఎవరో ఒక తల్లి పక్కబట్టల మూటలో పదిలంగా దోపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆమెకు అసలు పేరంటూ ఒకటుంది. జీతాల పట్టీలో తప్ప ఎవరూ దాన్ని వాడరు. ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష చేసే పని ఆమెది. ఆయాలు మొదట చెవులమ్మ అన్నారు, తర్వాత మనిషి నెమ్మది చూసి చెవులక్కను చేశారు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. తమ్ముడింట్లో ముందుగదిలో ఒక మంచం, ఒక పెట్టె, తలుపు వెనక రెండు చీరలు, అంతే ఆమె సంసారం. తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉండేది. తమ్ముడు మోటార్లు విప్పి తీగ చుట్టే పని చేసేవాడు. దుకాణం ఇంటి ముందే కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తి మోతే.

ఆమె పరీక్ష గది ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే కొట్టు. కిటికీ లేదు. ఒక బల్ల, ఒక స్టూలు, తలుపుకి బదులు తెర ఉండేది, తర్వాత తలుపొచ్చింది. గోడకి అవతల నీళ్ళ మోటారు. అది తిరుగుతున్నంతసేపూ పరీక్ష చేసే యంత్రం చప్పుడు ఎక్కువైందని మొరాయించేది. యంత్రం అరచేతిలో పట్టేంత. దానికో తీగ, తీగ చివర మొన, మొనకు తొడిగే రబ్బరు తొడుగు. బిడ్డ చెవిలో పెట్టి మీట నొక్కితే లోపలికి చిటచిటమని శబ్దం పంపుతుంది. బాగున్న చెవి దానికి ఒక సన్నని శబ్దాన్ని తిరిగిస్తుంది. తిరిగొస్తే పచ్చదీపం, పాస్. రాకపోతే పసుపుదీపం, రిఫర్. రిఫర్ వచ్చినంత మాత్రాన బిడ్డకు చెవుడని తేలినట్టు కాదు, ఇంకో పెద్ద పరీక్ష కావాలని అర్థం. ఆ పెద్ద పరీక్ష బస్సులో మూడున్నర గంటల దూరాన, పెద్దాసుపత్రిలో, వారానికొక్క మంగళవారం.

గోడమీద ఒక పటం ఉండేది. ఒకటి, మూడు, ఆరు అని పెద్ద అంకెలు. నెల నిండేలోపు మొదటి పరీక్ష, మూడో నెల దాటకుండా పెద్ద పరీక్ష, ఆరో నెలకల్లా చెవిమిషను. అది దాటిన ప్రతి నెలా బిడ్డకు రావలసిన మాటలోంచి కొంత కోసుకుపోతుంది. ఈ సంగతి చెవులక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పదిమందికి చెప్పే ఉద్యోగమే ఆమెది.

మొదట్లో ఆమె పద్ధతిగానే చేసింది. పసుపుదీపం వెలిగిన ప్రతి బిడ్డకూ చీటీ రాసింది, తేదీ చెప్పింది, ఫోన్ నంబరు తీసుకుంది. మూడోవారం తిరిగేసరికి ఒక తండ్రి ఆ చీటీ తెచ్చి ఆమె బల్లమీద పడేశాడు.

"మొదటి మంగళారం డాక్టరు లేదన్నారు. రెండో మంగళారం మిషను చెడిపోయిందన్నారు. మూడోసారి అందరూ ఉన్నారు, మా పిల్ల నిద్రపోలేదు. నిద్రపుచ్చుకుని మళ్ళీ రమ్మన్నారు. నేను పనికి పోవాలా, నీ చీటీ పట్టుకుని బస్సుల్లో ఊరేగాలా?"

"ఇంకొక్కసారి వెళ్ళండి బాబూ."

"నువ్వెళ్ళు," అన్నాడతను.

ఇంకొకామె తిట్టలేదు. చీటీ మీద రిఫర్ అని చూడగానే అత్తగారు ఆమెను పుట్టింట్లో దింపి వెళ్ళిపోయిందట, చెవిటి పిల్లను తమ గడప తొక్కించవద్దని. పెద్ద పరీక్షలో పిల్ల చెవులు బాగానే ఉన్నాయని తేలింది. పుట్టిన రోజున చెవుల్లో కాస్త నీరుండి పసుపుదీపం వెలిగింది, అంతే. ఆ సంగతి చెప్పడానికే వచ్చింది ఆమె. మొగుడు మాత్రం ఇంకా రాలేదంది.

నెలనెలా జరిగే సమావేశం వేరే నరకం. ఆ చుట్టుపక్కల పన్నెండు ఆసుపత్రుల్లో రిఫరైన బిడ్డలు పెద్దాసుపత్రికి చేరుతున్నారా లేదా అని చూడడానికి ఒక ఆఫీసరు ఉండేవాడు. ఫాలో-అప్ ఆఫీసరు. ఆయన కార్యక్రమానికున్న పేరు చదవడం పూర్తయ్యేలోపు బిడ్డకు నెల నిండేది, అందుకని అందరూ దాన్ని మెరుగుదల అని మాత్రం అనేవారు.

"నువ్వు పదకొండు మందిని పంపావు," అన్నాడాయన, నిండు సభలో ఆమెను నిలబెట్టి. "ఇద్దరు చేరారు. తొమ్మిదిమందీ ఏ ఏట్లో కలిశారు?"

"ఫోన్లు చేశానండి. కొందరు ఎత్తరు. ఎత్తినవాళ్ళేమో..."

"నేనడిగింది ఫోన్ల కథ కాదు."

తర్వాతి ఆసుపత్రి మనిషి లేచింది. ఆమె పంపింది ఒక్కరిని, చేరింది ఆ ఒక్కరే. నూటికి నూరు అని ఆఫీసరు తనే చప్పట్లు మొదలుపెట్టాడు. చెవులక్క కూడా కొట్టింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె లెక్క వేసుకుంది. పంపితేనే కదా తప్పిపోవడం. అసలు పంపకపోతే తప్పిపోయేవాళ్ళే ఉండరు.

అయినా అప్పటికప్పుడు ఏమీ చెయ్యలేదు. దుర్మార్గం కూడా ఒక్క రోజులో అబ్బే విద్య కాదు. ఒకరోజు ఒక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు, గోడ అవతల మోటారు తిరుగుతోంది, బయట ఆటో హారన్ కొడుతోంది. మూడుసార్లు పసుపుదీపమే. యంత్రమే పాడైందేమో చూద్దామని మొనకు పెద్ద తొడుగు మార్చి తన కుడిచెవిలో పెట్టుకుంది. పచ్చదీపం వెలిగింది. అది వెలుగుతుండగానే బిడ్డ తండ్రి తలుపులోంచి తల పెట్టాడు.

"అయిందా అమ్మా?"

"అయింది," అంది చెవులక్క.

అంత తేలిగ్గా అయింది. తండ్రి దణ్ణం పెట్టి వెళ్ళాడు. మూడేళ్ళుగా తిట్లు తింటున్న మనిషికి ఒక దణ్ణం వచ్చింది.

తర్వాత అదొక వాడుకైంది. ఏడ్చే బిడ్డకు, తొందరపడే తండ్రికి, దూరాభారం ఊరి తల్లికి, చివరికి పసుపుదీపం వెలిగిన ప్రతి ఒక్కరికీ. కార్డులో కుడిచెవి ఖానాకు తన కుడిచెవి. ఎడమచెవి ఖానాకు మొదట తన ఎడమచెవే పెట్టేది. ఏడాది తిరిగేసరికి అది పసుపుదీపం చూపడం మొదలెట్టింది. నాలుగుసార్లు పెట్టుకుంది, నాలుగుసార్లూ పసుపే. నలభై రెండేళ్ళకు తన ఎడమచెవి పోతోందని ఆమెకు ఆ గదిలోనే తెలిసింది. తన చెవిని ఆమె ఏ పెద్దాసుపత్రికీ పంపలేదు. అప్పట్నుంచి రెండు ఖానాలకూ కుడిదే.

స్టోరు గుమాస్తాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. "ఏం చెవులక్కా, పసిపిల్లల తొడుగులు మిగిలిపోతున్నాయి, పెద్ద సైజువి చాలడం లేదంటున్నావు. మీ వార్డులో ఏనుగుపిల్లలు పుడుతున్నాయా ఏమిటి?"

"పుడుతున్నాయిలే. తొండం పరీక్ష నీకు రాసిస్తాను," అందామె. గుమాస్తా పడీపడీ నవ్వాడు. అంతటితో ఆ అనుమానం పోయింది.

రిజిస్టరులో మాత్రం, తన చెవితో పాసైన ప్రతి బిడ్డ వరుస పక్కనా పెన్సిలుతో ఒక చుక్క పెట్టేది. తీరిక దొరికినప్పుడు పిలిచి మళ్ళీ చూద్దామని. తీరిక దొరకలేదు. చుక్కలు పెరిగాయి.

అలాంటి రోజుల్లో తమ్ముడికి కొడుకు పుట్టాడు. ఆ ఆసుపత్రిలోనే, ఆమె చేతుల్లోనే. రెండోరోజు ఉదయం మేనల్లుణ్ణి బల్లమీద పడుకోబెట్టి మొన పెట్టింది. వాడు హాయిగా నిద్రపోతున్నాడు. మోటారు కూడా ఆగి ఉంది. పసుపు. తొడుగు మార్చి పెట్టింది. పసుపు. రెండో చెవి, పసుపు. గంటాగి మళ్ళీ చూసింది. గదిలో తన ఊపిరి తప్ప ఏ చప్పుడూ లేదు, యంత్రానికి వంకపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

చెవులక్క తల్లి తలుపు దగ్గరే కూర్చుని ఉంది. "ఏమంటోందే నీ మిషను?"

చెవుల్లో నీరై ఉంటుంది, వారం పోయాక ఇంట్లో నెమ్మదిగా చూస్తాను అనుకుంది చెవులక్క. అనుకుంటూనే పెద్ద తొడుగు తీసింది. జుట్టు వెనక్కి తోసి రెండుసార్లు మీట నొక్కింది.

"భేషుగ్గా ఉన్నాడంటోంది," అంది బయటికి.

తమ్ముడు ఆ కార్డుకు ప్లాస్టిక్ వేయించి గోడకు తగిలించాడు. అక్క చేతి ముద్ర అని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

వారం పోయింది. యంత్రాన్ని ఆసుపత్రి దాటించే వీల్లేదు. బిడ్డను అక్కడికి తెమ్మంటే ఎందుకని అడుగుతారు. నెల పోయింది. గోడమీది పటంలో ఒకటి దాటింది, మూడు దాటింది. ఇంట్లో మాత్రం బిడ్డకు పెద్ద పేరొచ్చింది. అంత సుత్తిమోతలోనూ కదలకుండా నిద్రపోతాడు. "మా నాయనంత బుద్ధిమంతుడు లేడు, పక్కన ఇల్లు కూలినా లేవడు," అని తల్లి ఇరుగుపొరుగుకి గొప్పలు చెప్పుకునేది. చెవులక్క ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పనున్నట్టు లోపలికి పోయేది.

మొదట అడిగింది మరదలు. బిడ్డకు తొమ్మిదో నెల. ఆ పిల్లకి పాతికేళ్ళుండవు. మాట తక్కువ, చూపెక్కువ.

"వదినా, వీడు పిలిస్తే తిరగడం లేదు. నా మొహం కనిపిస్తేనే నవ్వుతున్నాడు."

"రెండు చెవులూ పాసయ్యాడుగా. ఆటలో పడ్డాడేమో."

ఏడాదికి మళ్ళీ అడిగింది. "పళ్ళెం పడేశాను వదినా, వాడి వెనకాలే. ఉలిక్కిపడలేదు."

"మోతల మధ్య పుట్టినవాడు. అలవాటైపోయింది."

"పక్కింటి పిల్ల అత్తా, తాతా అంటోంది."

"మగపిల్లలకి మాట ఆలస్యం." ఈ జవాబును చెవులక్క ఆసుపత్రిలో వందమంది తల్లుల నోట విన్నది. విన్నప్పుడల్లా, అలా అనుకుని కూర్చోవద్దమ్మా అని మందలించింది కూడా.

సరిగ్గా ఆ నెల్లోనే ఆఫీసరు ఆమెకు శాలువా కప్పాడు. పన్నెండు ఆసుపత్రుల్లోనూ ఆమెదే మొదటి స్థానం. తప్పిపోయిన బిడ్డలు సున్నా. మిగిలిన ఆసుపత్రుల వాళ్ళకు మూడురోజులు శిక్షణ ఇమ్మన్నారు. ఇచ్చింది. మొన ఎలా పట్టాలో, బిడ్డను ఎలా నిద్రపుచ్చాలో, తల్లితో ఎంత మెత్తగా మాట్లాడాలో అన్నీ చెప్పింది, అన్నీ నిజంగానే బాగా చెప్పింది. మూడోరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఉంగరాల జుట్టు అమ్మాయి ఒకతి అడిగింది.

"పాఠంలో లేనిది చెప్పండక్కా. సున్నా ఎలా వస్తుంది? మాకు ఎంత ఏడ్చినా అయిదారు తగ్గవు."

చెవులక్క నవ్వి, మొన తీసి, తన చెవిలో పెట్టుకుని చూపించింది. వేళాకోళమనుకుని అందరూ నవ్వారు. ఉంగరాల జుట్టు అమ్మాయి నవ్వలేదు. నములుతున్నది ఆపి, శ్రద్ధగా చూసింది.

ఏడాది పది నెలలప్పుడు మరదలు అడగడం మానేసింది. దానికే చెవులక్కకు భయమేసింది. టీకా వంకతో బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోయి, తలుపు గడియ పెట్టి, మొన పెట్టింది. వాడు ఆమె మొహంలోకి చూస్తూ కిలకిలా నవ్వాడు. పసుపు, పసుపు. ఆ రాత్రి అన్నం దగ్గర, ఎందుకైనా మంచిది ఒకసారి పెద్దాసుపత్రిలో చూపిద్దాం అంది.

"నువ్వు పాస్ చేశాక వాళ్ళు చూసేదేముంది?" అంది తల్లి. తమ్ముడు గోడకున్న కార్డు తీసి సంచిలో పెట్టుకున్నాడు.

పెద్దాసుపత్రిలో బిడ్డను నిద్రపుచ్చి, తలకు తీగలంటించి, గంటసేపు చూశారు. రెండు చెవుల్లోనూ వినికిడి చాలావరకు లేదు. చెవి డాక్టరమ్మ కార్డును అటూ ఇటూ తిప్పింది.

"పుట్టినప్పుడు రెండూ పాసయ్యాడు. ఆ ఆసుపత్రి రికార్డు మంచిది, అక్కడ తప్పులు రావు. అంటే ఇది తర్వాత వచ్చింది. గట్టిగా జ్వరం వచ్చిందా? తలకు దెబ్బ తగిలిందా? చెవిలో ఏమైనా పోశారా?"

చెవులక్క తల్లి కోడల్ని చూపిస్తూ అందుకుంది. "అడగండమ్మా, ఆవిణ్ణే అడగండి. నాలుగో నెలలో చెవిలో నూనె చుక్కలు వేసింది. వద్దంటే విన్లేదు. పదో నెలలో అన్నం ఉమ్మేశాడని చెంప పగలగొట్టింది."

"నూనెకి ఇంత జరగదు," అంది డాక్టరమ్మ. అయినా కాగితం మీద పుట్టాక వచ్చిన చెవుడు అని రాసింది. బయట నలభైమంది ఉన్నారు. తర్వాతి టోకెను పిలిచారు.

వరండాలో బెంచీ దగ్గర తమ్ముడు పెళ్ళాం వైపు చూడకుండానే అన్నాడు. "నా కొడుకుని చేజేతులా చెవిటోణ్ణి చేశావు."

మరదలు బిడ్డ చెంపమీద, తను ఎప్పుడో కొట్టినచోట, అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆమె నమ్మేసింది. తన చెయ్యే చేసిందని ఆ నిమిషంలో నిజంగా నమ్మేసింది. అది చూసి చెవులక్క వాళ్ళిద్దరి మధ్యకు వచ్చింది.

"ఆపరా," అంది. "ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు. వాడు పుట్టడమే ఇలా పుట్టాడు. వాడి చెవిలో పెడితే రాలేదు. నా చెవిలో పెట్టుకుని ముద్ర వేశాను."

తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుపు మొదలెట్టింది.

"చూశావుటే," అంది కోడలితో. "నీ పాపం కప్పడానికి నా కూతురు తన నెత్తిన వేసుకుంటోంది. ఉద్యోగం ఊడే మాట, నీ కోసం అంటోంది. దాని కాళ్ళు కడిగి తాగు."

"అమ్మా, నేను నిజం చెప్తున్నా."

"నీ మంచితనం ఇక్కడొద్దక్కా," అన్నాడు తమ్ముడు. "సొంత మేనల్లుడికి అలా చేస్తావా నువ్వు? నువ్వేంటో మాకు తెలీదా?"

ఆమె డాక్టరమ్మ గదికి పరిగెత్తింది. తలుపు దగ్గర బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు. "టోకెనుందా?" లేదు. ఆమె అబద్ధానికి రెండువందల పన్నెండు కార్డులున్నాయి. నిజానికి ఒక్క టోకెను లేదు.

తిరుగు బస్సులో తల్లీ తమ్ముడూ ముందు కూర్చున్నారు. వెనక సీట్లో మరదలు, ఒళ్ళో బిడ్డ, పక్కన చెవులక్క. చాలా దూరం పోయాక మరదలు కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"వాడి చెవిలో ఎన్నిసార్లు పెట్టావు?"

"ఆరేడు సార్లు."

"నీ చెవిలో?"

"రెండుసార్లు."

"తొమ్మిదో నెలలో నిన్నడిగాను వదినా."

"అడిగావు."

"ఏడాదికి అడిగాను."

"అడిగావు."

"నా చెయ్యి విరిచేసుకుందామనుకున్నా ఇందాక." బిడ్డ నిద్రలో కదిలితే సర్దుకుంది. "ఇంకెంతమంది?"

చెవులక్క చెప్పింది. మరదలు ఆ అంకెను పెదాలు కదుపుతూ తనలో తను ఒకసారి అనుకుంది.

"నేనెవరికీ చెప్పను. చెప్తే నిన్ను తీసేస్తారు. ఇంట్లో కూర్చుని ఏడుస్తావు, అంతకంటే ఏం చేస్తావు? నీ చోటుకి ఇంకొకతె వస్తుంది. నువ్వక్కడే ఉండాలి. రేపట్నుంచి నేను పక్కన కూర్చుంటాను."

కూర్చుంది. తెల్లారి తొమ్మిదికల్లా బిడ్డను చంకనేసుకుని వచ్చి, పరీక్ష గదిలో స్టూలు లాక్కుని, తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఆయాలు వేళాకోళమాడారు. "ఏం చెవులక్కా, మీ మరదలు నీకు కాపలానా?" అవునంది చెవులక్క. ఇంట్లో మాత్రం మరదలి మీద మాట పడని రోజు లేదు. చెవిటోణ్ణి చేసింది చాలక ఊరంతా తిప్పి చూపిస్తోందని అత్తగారు పళ్ళు నూరేది. మరదలు తిరిగి ఒక్క మాట అనేది కాదు. పెద్దాసుపత్రివాళ్ళు బిడ్డ రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. మాట నేర్పించుకోవడానికి ప్రతి మంగళవారం రమ్మన్నారు. వెళ్ళేది.

పసుపుదీపం వెలిగితే ఆ గదిలో ఇప్పుడు పసుపని చెప్పాల్సిందే. బాలింతలు గొల్లుమనేవారు. అప్పుడు మరదలు లేచి తన బిడ్డ చెవులు చూపించేది.

"మావాణ్ణి ఏడాది పది నెలలకి తీసుకెళ్ళాను. నువ్వు నెలకే వెళ్తున్నావు, ఏడవకు. మంగళారం ఆరు గంటల బస్సు. నీకు సీటు ఆపుతాను. డాక్టరు లేకపోతే ఎక్కడ కూర్చోవాలో, ఎవర్ని అడగాలో నాకు తెలుసు. పొద్దున కడుపు నిండా పాలు పట్టకు. అక్కడికెళ్ళాక పట్టు, పరీక్షప్పుడు నిద్రపోతాడు."

ఇంత చిన్న సంగతి. ఆరేళ్ళుగా ఏ ఆఫీసరుకూ తట్టలేదు. మరదలు సోమవారం సాయంత్రం ఎంతమందో అడిగి, మంగళవారం బస్సు కదలకముందే ఎక్కి, తువాళ్ళూ గొడుగూ బిడ్డ చొక్కాలూ పరిచి అన్ని సీట్లు ఆపేది. కండక్టరు మొదట్లో అరిచాడు, తర్వాత తనే ఆపడం మొదలెట్టాడు. మధ్యమధ్యలో చెవులక్క పాత రిజిస్టరు తీసి చుక్కలున్నవాళ్ళకు ఫోన్లు చేసేది. సగం నంబర్లు పని చెయ్యలేదు. వచ్చినవాళ్ళను మళ్ళీ చూసేది. పసుపు వెలిగినప్పుడల్లా మరదలు ఆ తల్లి మొహాన్ని చూసేది కాదు, వదిన మొహాన్నే చూసేది. ఆ చూపు తప్పించుకోవడానికి ఆ గదిలో కిటికీ కూడా లేదు.

నాలుగు నెలల్లో ముప్పయ్యొక్కరు రిఫరయ్యారు. ఇరవయ్యారుగురు పెద్దాసుపత్రికి చేరారు. ఏడుగురికి చెవుడని తేలింది. అందులో ముగ్గురు ఆరు నెలల లోపు పసికూనలు.

ఆఫీసరు కాగితాలు పట్టుకుని స్వయంగా వచ్చాడు.

"నిన్నమొన్నటిదాకా సున్నా. ఇప్పుడు ముప్పయ్యొకటి. ఏం పుట్టింది నీకు?"

"ఇరవయ్యారుమంది చేరారండి. ఇదివరకెప్పుడూ ఇంతమంది..."

"అంటే అయిదుగురు తప్పిపోయారు. సున్నా ఉన్నప్పుడు ఒక్కడు తప్పిపోయాడా?"

"ఆ సున్నా అబద్ధమండి," అంది చెవులక్క.

ఆయన చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆ సున్నా నేను సంతకం పెట్టి పైకి పంపాను. పైవాళ్ళు ఇంకా పైకి పంపారు. ఇప్పుడు నువ్వు అబద్ధమంటే అది ఎవరి అబద్ధం అవుతుంది? నీకు వయసు మీద పడింది, చెయ్యి వణుకుతోంది. నేనలా రాస్తాను. అదే నీకు మంచిది." స్టూలు మీదున్న మరదల్ని అప్పుడు చూశాడు. "ఈమెవరు? బయటివాళ్ళని వార్డులోకి ఎవరు రానిచ్చారు?"

మరుసటి వారం చెవులక్కను స్టోరుకి మార్చారు. దుప్పట్లూ దూదీ సూదులూ అడిగినవాళ్ళకు ఇచ్చి చీటీ తీసుకోవడం పని. పరీక్ష గదికి కొత్త మనిషి వచ్చింది. ఉంగరాల జుట్టు అమ్మాయి. మంచి చురుకైనదని ఆఫీసరే ఏరి తెచ్చాడు. కాపలావాడు మరదల్ని గేటు దగ్గరే ఆపడం మొదలెట్టాడు. స్టోరు కిటికీ ఆవరణలోకి ఉండేది. సోమవారం సాయంత్రాలు మరదలు రోగుల్ని చూడవచ్చే జనంలో కలిసి లోపలికొచ్చి, ఆ కిటికీ దగ్గర నిలబడి అడిగేది.

"రేపటికెంతమంది?"

ఆయాల్ని అడిగి ఉంచి చెవులక్క చెప్పేది. మొదటి సోమవారం ఇద్దరు. రెండోవారం ఒకరు. మూడో సోమవారం పొద్దున్నే పరీక్ష గది నుంచి ఒక చీటీ వచ్చింది. పెద్ద సైజు రబ్బరు తొడుగులు, రెండు ప్యాకెట్లు.

చెవులక్క ఆ చీటీ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ప్యాకెట్లు ఆమె మోచేతి పక్కనే అరలో ఉన్నాయి. వాటిని తీసి సొరుగు అడుగున దాచి, చీటీ మీద లేవు అని రాసి పంపింది. మధ్యాహ్నం ఉంగరాల జుట్టు అమ్మాయే వచ్చి, ఆ చీటీ మళ్ళీ బల్లమీద పెట్టింది.

"లేవా అక్కా?"

"లేవు. నువ్వలా చెయ్యొద్దమ్మా. నేను నీకు నేర్పింది..." చెవులక్క చీటీని బోర్లా తిప్పింది. "మా మేనల్లుణ్ణి చూశావుగా."

"చూశానక్కా, పాపం," అంది ఆ అమ్మాయి, నిజంగానే జాలిగా. "మీరు నేర్పబట్టే బతికిపోయాను. అంతకుముందు నెలనెలా నన్ను నిలబెట్టి ఎంత తిట్టాడో తెలుసా ఆయన?" పసిపిల్లల తొడుగుల డబ్బాలోంచి ఒకటి తీసి, చెవికి ఆనించి చూసుకుంది. "పర్లేదు లెండి. నావి చిన్న చెవులు. ఇవే సరిపోతాయి."

సాయంత్రం మరదలు కిటికీ దగ్గరికొచ్చింది. చంకలో బిడ్డ. వాడి చెవుల వెనక రెండు మిషన్లు, మెడకు తాడు.

"రేపటికెంతమంది?"

"ఎవరూ లేరు," అంది చెవులక్క.

మరదలు కిటికీలోంచి చెయ్యి పెట్టి బల్లమీదున్న చీటీ తీసుకుంది, చదివింది, మడిచి జాకెట్లో దోపుకుంది. ఆవరణ దాటి నేరుగా పరీక్ష గది దగ్గరికి నడిచింది. లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. ఎవరో పసిబిడ్డ ఏడుస్తున్నాడు. మోటారు తిరుగుతోంది. ఆమె బిడ్డను కింద నిలబెట్టి రెండు పిడికిళ్ళతోనూ తలుపు బాదింది.

పక్కన నిలబడ్డ వాడు ఉలిక్కిపడి తలుపు వైపు తిరిగాడు. మళ్ళీ బాదింది. మళ్ళీ తిరిగాడు, ఈసారి నోరు తెరుచుకుని, అదేమిటో చెప్పమన్నట్టు తల్లి మొహంలోకి చూశాడు. ఆమె వాణ్ణి చూడలేదు. స్టోరు కిటికీలోంచి మేనత్త చూసింది.

లోపల పసిబిడ్డ ఏడుపు ఆగింది. గడియ మాత్రం తియ్యలేదు. కాపలావాడు అప్పటికే ఈల ఊదుకుంటూ వస్తున్నాడు.